నాలుగు ఊచలు

1979 ఫిబ్రవరి 5, సోమవారం

మా అబ్బా తెచ్చిచ్చిన రైల్వే డైరీ. నెల రోజులుగా బీరువాలో పడుంది. మొదటి పేజీలో పేరూ హోదా రాయాలట. ఫక్రున్నీసా, డ్రాఫ్ట్స్‌మన్ అని రాశాను. ఉమన్ అని రాస్తే ఇంట్లో నవ్వుతారు.

ఆఫీసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. రోజంతా మాట్లాడేది మెషీనుతోనే, అదే కంప్యూటరుతో. టైపురైటరు కంటే కాస్త పెద్దది. పక్కన ప్లాటరు, దాని చేతిలో పెన్ను. మా రత్తయ్య గారు గవర్నమెంటులో ఇంజినీరుగా రిటైరై పటమటలో ఈ డిజైన్ ఆఫీసు పెట్టారు. పోయినేడాది మద్రాసు నుంచి ఈ మెషీను తెప్పించారు. మాన్యువల్ ఎవరూ ముట్టుకోకపోతే నేను చదివాను. అప్పట్నుంచి దానికి ప్రోగ్రాములు రాసే పని నాది. స్తంభం గీసేది ఒకటి, దూలం గీసేది ఒకటి, పునాది గీసేది ఒకటి. అన్నీ ఒకే కేసెట్‌లో పెట్టాను. అది ప్రశ్నలడుగుతుంది. నేల ఎత్తెంత? స్తంభం ఎత్తెంత? దాని లోపల ఇనప ఊచలెన్ని? జవాబులిచ్చి మీట నొక్కితే పెన్ను కదులుతుంది. సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ సూరయ్య గారికి నాలుగు రోజులు పట్టే డ్రాయింగు నలభై నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు చేస్తున్నవన్నీ తుఫాను షెల్టర్లు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత మద్రాసులో ఒక దాతల సంస్థ సముద్రపొడ్డు ఊళ్ళలో కట్టిస్తోంది. స్తంభాల మీద ఒక పెద్ద హాలు. నీళ్ళు కింద నుంచి పోవాలి, మనుషులు పైన బతకాలి. పన్నెండు కట్టేశారు. వచ్చే వారం పదమూడోది.

సూరయ్య గారు ఇవాళ ప్లాటరు ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఇరవయ్యారేళ్ళు బోర్డు మీద గీసిన మనిషి. గీత గీసేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ బెదురుతుందమ్మాయ్, దీనికి ఆ బెదురు లేదు అన్నారు. ఈర్ష్య అనుకున్నాను.

ఫిబ్రవరి 12, సోమవారం

పదమూడో ఊరికి నంబర్లిస్తున్నాను. ఊచలెన్ని అని అడిగింది. ఏమీ టైపు చెయ్యకుండానే పొరపాటున మీట నొక్కాను. మళ్ళీ అడగలేదు. గీసేసింది. స్తంభంలో నాలుగు ఊచలు.

నాలుగు నేనివ్వలేదు. అంతకు ముందు ట్రయల్‌లో ఇచ్చిన నాలుగు అది.

అలా రాసింది నేనే. ఏమీ ఇవ్వకపోతే పాత నంబరే ఉంచుకో అని. పోయినేడాది ఏప్రిల్‌లో, ఒకే నంబరు పదిసార్లు కొట్టడం విసుగనిపించి. రత్తయ్య గారు అప్పుడు భలే అన్నారు కూడా.

మరి ఆ పన్నెండు ఊళ్ళలో ఎక్కడైనా ఇలాగే నొక్కానా?

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3

పాత ప్రింట్లన్నీ తీశాను. పదకొండు సరిగ్గా ఉన్నాయి.

తొమ్మిదోది ఉప్పులదిబ్బ. నాగాయలంక అవతల, బస్సు కూడా వెళ్ళని చోటు. నేల బాగా పల్లం, అందుకని స్తంభాలు అన్నిటికంటే ఎత్తు. పద్నాలుగడుగులు. ఎనిమిది ఊచలుండాలి. డ్రాయింగులో నాలుగున్నాయి. దానికి ముందు చేసిన ఊరు మెరక. దాని నాలుగు దీనిలోకి వచ్చేశాయి.

కట్టడం డిసెంబరులోనే పూర్తయింది. కాంక్రీటు లోపల ఏముందో ఇక ఎవరికీ కనిపించదు.

ఫిబ్రవరి 15

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

ఫిబ్రవరి 19

ఫైల్లో ఒక కార్డు ఉంది. అక్కడ పని చేయించిన మేస్త్రీ మరియదాసు పోయిన ఆగస్టులో రాసింది. స్తంభాలు చాలా పొడుగు, ఊచలు తక్కువగా అనిపిస్తున్నవి, దయచేసి ఒకసారి చూసి చెప్పగలరు అని. దానికి మా జవాబు కాపీ పిన్ను కొట్టి ఉంది. డ్రాయింగు ప్రకారమే చేయవలెను. ఒకటే వాక్యం.

చేతిరాత నాది.

రాసినట్టు గుర్తు లేదు. రోజుకి అలాంటివి పది కార్డులొచ్చేవి. ఇది కంప్యూటర్ చేసిన లెక్క, మేస్త్రీకేం తెలుసు అనుకుని ఉంటాను. కచ్చితంగా అలాగే అనుకుని ఉంటాను.

ఇంకో సంగతి కూడా చూశాను. డ్రాయింగు అడుగున రెండు గళ్ళుంటాయి. గీసినవారు, సరిచూసినవారు. సరిచూసిన గడిలో సూరయ్య గారి పొట్టి సంతకం ఉంది. ఆయన పెట్టింది కాదు. సూరయ్య గారు ఒక్కో డ్రాయింగు సరిచూడటానికి వారం తీసుకుంటున్నారని రత్తయ్య గారు విసుక్కుని, ఆ అక్షరాలు కూడా ప్రోగ్రాంలో పెట్టెయ్యమ్మా అన్నారు. పెట్టేశాను. పన్నెండిట్లోనూ మెషీనే సంతకం చేసింది. ఆయన ఒక్కటీ చూడలేదు.

రేపు అది కూలితే పోలీసులు ఆయన ఇంటికి వెళ్తారు.

ఫిబ్రవరి 26, సోమవారం

రత్తయ్య గారికి చెప్పాను. తలుపు వేసి చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఆయన కేకలెయ్యలేదు. అదే నయం అనుకున్నాను ముందు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకెవరికి తెలుసమ్మా అన్నారు. ఎవరికీ తెలియదన్నాను. లెక్కల్లో ఎప్పుడూ కొంత ఎక్కువే వేస్తాం, కప్పు మోస్తోంది కదా, ఏం కాదన్నారు. వచ్చే వానాకాలం పోయాక ఏదో ఒకటి చేద్దాం, అప్పటిదాకా నోరు విప్పొద్దు, ఇందులో నీ పేరూ ఉంది అన్నారు.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోవడం కూడా మరిచిపోయారు.  

మార్చి 17

మేఘం పట్టింది. అమ్మీ వడియాలు తీసెయ్యమని కేక పెట్టింది. నాకు ఉప్పులదిబ్బ ఉన్న అవనిగడ్డ వైపు ఆకాశమే కనిపించింది.

మార్చి 30, శుక్రవారం

లెక్క మూడుసార్లు చేశాను. అదే మెషీను మీద. తర్వాత దాన్ని నమ్మలేక చేత్తో చేశాను. ఖాళీగా నిలబడటానికి నాలుగు చాలు. మూడు వందల మంది పైన ఉండి, కింద అలలు కొడుతుంటే చాలవు.

అంటే మామూలు రోజుల్లో నిలబడుతుంది. అవసరమైన రోజున నిలబడుతుందో లేదో తెలియదు.

ఏప్రిల్ 11

సూరయ్య గారికి చెప్పేశాను. టీ కొట్టు దగ్గర. సంతకం సంగతి కూడా.

ఆయన గ్లాసు కింద పెట్టి ప్రింటు అడిగారు. బ్యాగులోనే ఉంది, రెండు నెలలుగా మోస్తున్నాను. రోడ్డు పక్కనే విప్పి చూశారు. తన అక్షరాల మీద వేలు పెట్టి, నా అక్షరం ఇంత చక్కగా ఉండదే అన్నారు. ఆ తర్వాత నా మొహం చూడలేదు. తిడితే బాగుండేది.

సాయంత్రం వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, స్తంభం చుట్టూ కొత్త ఊచలు కట్టి ఇంకో పొర కాంక్రీటు పోస్తే సరిపోతుంది, పెద్ద కష్టం కాదు, కానీ ముందు తప్పని ఒప్పుకోవాలి అన్నారు.

ఏప్రిల్ 20

సంస్థకి ఉత్తరం వేశాం. సూరయ్య గారు రాశారు, ఇద్దరం సంతకం చేశాం. రత్తయ్య గారికి చెప్పలేదు. రిజిస్టర్డ్ పోస్టు. పోస్టాఫీసు మెట్ల మీద నాకు కళ్ళు తిరిగితే ఆయన కూర్చోబెట్టి సోడా తెప్పించారు. అప్పట్నుంచి నాతో మామూలుగా మాట్లాడటం మళ్ళీ మొదలుపెట్టారు.

మే 4

జవాబు లేదు.

మే 8, మంగళవారం

రేడియోలో చెప్పారు. బంగాళాఖాతంలో తుఫాను. కోస్తా జిల్లాలన్నీ జాగ్రత్తగా ఉండాలట. ఏ వైపు తిరుగుతుందో చెప్పలేరట.

రత్తయ్య గారి గదిలోకి నేరుగా వెళ్ళాను. ఉప్పులదిబ్బకి కబురు పంపండి సార్ అన్నాను. ఏమని పంపమంటావు అన్నారు. అక్కడ ఉన్న ఒక్క పక్కా కట్టడం అదే, దాంట్లోకి వెళ్ళొద్దంటే ఆ జనం ఎక్కడికి పోతారు, పాకల్లో ఉండమంటావా అని అడిగారు.   టేబుల్ మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. ఆయన్ని చూసినా భయమేసింది.

మే 9

ఇంట్లో చెప్పాను, మొదటి నుంచీ. అమ్మీ ఏడ్చింది. మనకెందుకమ్మా, పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఆ ఊరోళ్ళు కొడితే ఎవరు దిక్కు అంది.

అబ్బా లోకోషెడ్డులో ఫిట్టరు.  చెయ్యి కడుక్కుని వచ్చి, అవనిగడ్డ బస్సు పొద్దున ఎన్నింటికి అని అడిగారు.

మే 10, గురువారం, సాయంత్రం

ఉప్పులదిబ్బ. బడి పాకలో కూర్చుని రాస్తున్నాను.

అబ్బా, సూరయ్య గారు, నేను. అవనిగడ్డ దాకా ఒక బస్సు, నాగాయలంక దాకా ఇంకోటి, అక్కడి నుంచి కరకట్ట మీద నడక. పదకొండు కిలోమీటర్లు. గాలి ఎదురుగా కొడుతోంది. నా చున్నీ ఎక్కడో పోయింది. చివర్లో దూరం నుంచే కనిపించింది. చుట్టూ పాకలు, మధ్యలో అది ఒక్కటే తెల్లగా, ఎత్తుగా. ఎంత బాగుందో. పెన్ను ఎలా గీసిందో అలాగే ఉంది. 

జనం అప్పుడే మూటలు కట్టుకుని దాని కింద చేరుతున్నారు. తాళం ఒక ఆవిడ దగ్గర ఉంది. అంకాలమ్మ గారు. నలభై ఏళ్ళుంటాయేమో. ఉప్పెనలో మొగుడూ ఇద్దరు పిల్లలూ పోయారు. ఇంట్లో మిగిలింది ఆవిడా అత్తగారు వీరమ్మా. ఊరు ఆవిణ్ణే నమ్మి తాళం ఇచ్చింది.

చెప్పాల్సింది నువ్వే అన్నారు సూరయ్య గారు. చెప్పాను. ఇది గట్టిగా లేదు, ఎక్కొద్దు, పొద్దున్నే నాగాయలంక వెళ్ళిపోండి, అక్కడ మేడలున్నాయి అన్నాను.

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒకేసారి అరిచారు. పడవలున్న ఎల్లారావు గారు ముందుకొచ్చి, మా కోసమే కట్టామని రిబ్బన్లు కత్తిరించి వెళ్ళారు, ఇప్పుడు గాలి మొదలయ్యాక వచ్చి ఎక్కొద్దంటారా, చంపడానికే కట్టారా అని మీదికొచ్చారు. అబ్బా నా ముందుకొచ్చి నిలబడ్డారు. తాళం పగలగొడదాం అన్నారెవరో.

అంకాలమ్మ గారు చెయ్యెత్తితే ఆగారు. ఎవరు రాశారమ్మా ఆ లెక్క అని అడిగింది. నేనే అన్నాను. నువ్వైతే ఎక్కుతావా అని అడిగింది. ఎక్కను అన్నాను.

ఆవిడ నన్ను అలా చూస్తూనే ఉంది. అబద్ధం చెప్పాలంటే ఇజివాడలో కూచునే చెప్పొచ్చు, ఇంత దూరం గాలిలో నడిచి ఎవరొస్తారు అంది. ఎవరితో అందో తెలియదు. తాళంచెవి బొడ్లో దోపుకుని ఇంటికెళ్ళి మూట సర్దుకుంది.

మే 11, శుక్రవారం

తెల్లవారుతూనే బయల్దేరారు. మూడు వందల మందికి ఏడెనిమిది తక్కువ. ఎల్లారావు గారు చివరిదాకా తిట్టి, చివరికి తన పెళ్ళాం నడవడం మొదలుపెట్టాక తనూ నడిచారు. ముసలాళ్ళని రెండు బండ్లలో ఎక్కించారు. కొంత దూరం పోయాక బురదలో ఒక బండి దిగబడిపోయింది. వీరమ్మ గారిని అంకాలమ్మ గారూ అబ్బా వంతులేసుకుని వీపు మీద మోశారు.

వాన సూదుల్లా కొడుతోంది. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు, మధ్యలో ఈ మట్టి కట్ట. దాని మీద పసిపిల్లలతో సహా ఒక ఊరు. నేను బయల్దేరదీసిన ఊరు.

ఇన్నాళ్ళూ ఆ కట్టడం కూలుతుందేమోనని భయపడ్డాను. ఇవాళ్టి భయం ముందు అదేం కాదు. ఇప్పుడు ఉప్పెన వస్తే? ఆ కట్టడం నిలబడి, మేమందరం ఈ కట్ట మీద కొట్టుకుపోతే? నాలుగు ఊచలే చాలేవేమో. నా రెండో లెక్కా తప్పేమో. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం లేదు. ముందు నడుస్తున్న పిల్ల జడ రిబ్బను చూస్తూ నడిచాను. ఎర్ర రిబ్బను. అల్లా, ఈ పిల్లని దాటించు, ఈ ఒక్క పిల్లని దాటించు అనుకున్నాను, తర్వాత మిగతా వాళ్ళ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి నాగాయలంక. ఒక రైసుమిల్లు వాళ్ళు గోడౌను తెరిచారు. లెక్కపెట్టాం. అందరూ ఉన్నారు.

మే 12, శనివారం

రోజంతా గాలి. గోడౌను రేకులు మోగుతూనే ఉన్నాయి.

వీరమ్మ గారు మధ్యాహ్నం చనిపోయారు. తడిసి వచ్చాక ఒళ్ళు వేడెక్కింది, ఊపిరి అందలేదు. డాక్టరు కోసం వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేలోపే.

మే 13, ఆదివారం

తుఫాను మాకు దక్షిణంగా దాటిందట. అక్కడ ఎంతమంది పోయారో రేడియో ఇంకా చెప్పలేదు.

ఉప్పులదిబ్బలో నీళ్ళు మోకాలి దాకా వచ్చి తీశాయని చూసొచ్చిన వాళ్ళు చెప్పారు. పాకలు సగం లేచిపోయాయి. షెల్టరు అలాగే నిలబడి ఉంది.

అలాగే నిలబడి ఉంది.

ఎల్లారావు గారు నా దగ్గరికొచ్చి నిలబడి, వెళ్ళిపోయారు.  ఆ ముసలావిణ్ణి నేను చంపాను. ఎవరూ అనలేదు. అందరి మొహాల్లోనూ ఉంది. లేకపోతే నాకే అలా కనిపించిందో.

అంకాలమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.  ఆ ఉప్పెనలో నా వాళ్ళు ముగ్గురిలో ఒక్కరి ఒళ్ళు కూడా దొరకలేదు, ఈమెకి స్నానం చేయించాను, కొత్త చీర కట్టాను, ఎక్కడ పెట్టామో నాకు తెలుసు అంది.

మే 15

సూరయ్య గారు అక్కడే ఆగి స్తంభాలు చూసొచ్చారు. పన్నెండు స్తంభాల్లో రెండిటికి అడుగున వెంట్రుకవాసి పగుళ్ళు. చాకు మొన దూరుతోందట. మామూలుగా కాంక్రీటు ఆరినప్పుడు కూడా అలాంటివి వస్తాయి. మొన్నటి నీళ్ళకీ రావచ్చు. చెప్పలేనన్నారు. పైన మూడు వందల మంది ఉండుంటే ఏమయ్యేదని అడక్కమ్మాయ్ అన్నారు. 

మే 21, సోమవారం

మా ఉత్తరం పట్టుకుని సంస్థ నుంచి ఒక ఇంజినీరు వచ్చారు. రత్తయ్య గారి గదిలో రెండు గంటలు. నన్ను పిలిచారు. కార్డూ, దానికి నా జవాబూ, ప్రోగ్రాం కాగితాలూ అన్నీ బల్ల మీద పెట్టాను. సూరయ్య గారి అక్షరాలు మెషీను వేసిందనీ, ఆయన చూడలేదనీ చెప్పాను. ఎవరు వెయ్యమన్నారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, నేనే అన్నారు రత్తయ్య గారు. కిటికీ వైపు చూస్తూ అన్నారు.

సాయంత్రం పిలిచి, రేపటి నుంచి రావద్దమ్మా అన్నారు. కోపంగా కాదు. ఆయనా ఇక ఎన్నాళ్ళు వస్తారో తెలియదు.

జూన్ 6

సంస్థ సూరయ్య గారికి ఉప్పులదిబ్బ పని అప్పగించింది. సాయానికి నన్ను అడిగారు. అమ్మీ వద్దంది. అబ్బా ఈసారీ బస్సు టైమే అడిగారు.

జూన్ 23

ఉప్పులదిబ్బ. పని మరియదాసు మేస్త్రీదే. నన్ను చూడగానే, కార్డుకి జవాబు రాసింది మీరేనా అండీ అని అడిగారు. అవునన్నాను. ఆ రోజే ఒకసారి వచ్చి చూసుంటే బాగుండేదండీ అన్నారు. 

రోజూ పొద్దున ఒక్కో స్తంభం చుట్టూ కొత్త ఊచలు కడుతున్నారు. కాంక్రీటు పొయ్యకముందు నేను వెళ్ళి వేలితో ముట్టుకుని లెక్కపెడుతున్నాను. పైకి గట్టిగా లెక్కపెడుతున్నాను. మేస్త్రీ పక్కనే ఉండి వింటారు. పోశాక కూడా లోపల తక్కువున్నాయేమో అనిపిస్తుంది. రాత్రి పడుకున్నాక అనిపిస్తుంది. అన్నం తింటుంటే అనిపిస్తుంది. ఇది పోదేమో.

జూలై 22, ఆదివారం

పని అయిపోయింది. ఊరంతా వచ్చారు గానీ ఎవరూ ఎక్కలేదు. అంకాలమ్మ గారు నా వైపు చూసింది. ఎక్కాను.  పైన ఎవరూ లేరు, గాలి ఉంది, సముద్రం చాలా దగ్గరగా కనిపించింది. హాలు మధ్యలో కూర్చున్నాను. కింద మాటలు ఆగిపోయాయి.

ఎంతసేపో తెలియదు. మెట్ల మీద ఒక్క మనిషి అడుగుల చప్పుడు. తల తిప్పి చూస్తే, బొడ్లో తాళంచెవితో అంకాలమ్మ గారు.